గట్టెక్కిన చక్రాలు

అక్టోబర్ 6, ఆదివారం

నా రిమోట్ ట్రక్కు మళ్ళీ ఇరుక్కుపోయింది. లక్ష్మీపతి బావ రాగిచేలో నాలుగు సాళ్ళు కూడా దాటలేదు. ఎర్రమట్టి చక్రాలకు ముద్దలా అంటుకుని, ముక్కు నేలకు ఆనించి నిలబడిపోయింది. నేను రిమోట్ పట్టుకుని గట్టు మీద ఉన్నాను. చుట్టూ ఊళ్ళోవాళ్ళు.

"ఏమప్పా దేవేంద్రా, ఏనుగొస్తే ఇది తరుముతాదా, లేకుంటే ఇట్లే కాళ్ళమీద పడి మొక్కుతాదా?" అన్నాడు బావ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పక్క చేలో సిద్ధమ్మ మాత్రం నవ్వలేదు. కలుపు తీస్తూ తీస్తూ నడుం ఎత్తి చూసి, మళ్ళీ వంగింది. పోయిన చలికాలం ఆమె మొగుడు పాపయ్యను ఏనుగు తొక్కి చంపేసింది ఆ చేలోనే. అప్పటినుంచి నా భార్య రేఖకు తన అన్న, ఈ లక్ష్మీపతి బావ గురించి ఒకటే బెంగ. అమ్మానాన్న పోయాక రేఖను పెంచింది ఆ అన్నే. ఆయనేమో పొద్దు గూకితే రేకుడబ్బా ఒకటి పట్టుకుని, కొట్టుకుంటూ ఒక్కడే చేలోకి నడుస్తాడు. చేను దాటితే అడవే.

బావ ఊరు రామకుప్పం నుంచి మా పుంగనూరు దాకా రేఖ బైకు వెనక కూర్చుని వచ్చింది. ఇంటికొచ్చి తాళం తీస్తూ అంది: "మా అన్న నవ్వినాడని ఆ పని ఇడిసిపెట్టొద్దు నువ్వు."

విడిచిపెట్టను.

అక్టోబర్ 8

షాపులో రిపేరుకు వచ్చిన సెల్లులు అలాగే ఉన్నాయి. ట్రక్కును బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

ఆలోచనలో తప్పు లేదు. చేలో గుంజకు కట్టిన లైటుకు ఏనుగులు అలవాటు పడిపోయాయి. ఎప్పుడూ ఒకేచోట వెలిగేది ఏమీ చెయ్యదని వాటికి అర్థమైంది. కదిలేది కావాలి. మెరిసే లైటు, గట్టిగా అరిచే స్పీకరు రెండూ నెత్తిన పెట్టుకుని చేలోకి పరిగెత్తేది ఉంటే, మనిషి దూరంగా నిలబడి రిమోట్ తిప్పుకోవచ్చు. ఏనుగుకు ఎదురుగా మనిషి పోనక్కర్లేదు.

తప్పంతా చక్రాలదే. ఇది కాలేజీ గ్రౌండులో సరదాగా తిప్పుకోవడానికి కొన్న బండి. అరచేతిలో పట్టేంత చక్రాలు. తడిమట్టిలో ఎలా పోతుంది?

పెద్ద చక్రాలు కావాలి.

అక్టోబర్ 13, ఆదివారం

మదనపల్లె. సాయికుమార్ అని ఇలాంటి బండ్లు నడిపే కుర్రాడు ఒకడు ఫోన్లో పరిచయం. వాడి దగ్గర ఇంతకంటే బాగా పెద్ద రిమోట్ ట్రక్కు ఉండేది. మోటారు కాలిపోయి మూల పడింది. చక్రాలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. జొన్నరొట్టె అంత వెడల్పు, లోతైన గాట్లు, మెత్తని రబ్బరు.

"ఇవి నీ బండికి పట్టవన్నా. దీనిది వేరే సైజు."

"పట్టిస్తాలేప్పా."

"చక్రం ఒకటి మారిస్తే కాదన్నా. దానెనకాల అన్నీ మార్చాల్సొస్తాది."

ఇంటికి వచ్చేటప్పుడు చక్రాల సంచీని ట్యాంకు మీద పెట్టుకుని, పొట్టకు ఆనించి పట్టుకుని వచ్చాను. రేఖ చూసి నవ్వింది. ఈ మధ్య ఆమె నవ్వి చాలా రోజులైంది.

అక్టోబర్ 14

పట్టలేదు. నా ట్రక్కు ఇరుసు చివర ఆరు మూలల బిళ్ళ ఉంటుంది. చక్రం నడుమ ఉన్న గుంతలో అది కూర్చుంటేనే చక్రం తిరుగుతుంది. నా బిళ్ళ పన్నెండు మిల్లీమీటర్లు. ఆ చక్రాల గుంత పదిహేడు. గంపలో గోలీకాయ వేసినట్టుంది.

ప్లాస్టిక్ గొట్టం ముక్క చుట్టి, గమ్ పోసి చూశాను. రెండు చుట్లు తిరిగి ఊడిపోయింది.

అక్టోబర్ 20, ఆదివారం

వారమంతా వాన. మదనపల్లెలో లేత్ పట్టించి నాలుగు అల్యూమినియం బిళ్ళలు చేయించాను. లోపల చిన్న గుంత, బయట పెద్ద అంచు. ఇరుసు వాటిలోకి దూరుతుంది, అవి చక్రంలోకి దూరుతాయి. లేత్ ఆయన దేనికని అడిగితే ఏనుగుల కోసమని చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

చక్రాలు కూర్చున్నాయి. అయితే సాయికుమార్ అన్నట్టే అయింది. చక్రం పెద్దదయ్యేసరికి బాడీకి రాసుకుంటోంది. బాడీని నాలుగు వైపులా కత్తిరించాను. స్ప్రింగుల కింద వాషర్లు వేసి ఎత్తు పెంచాను. అప్పుడు మోటారు వేడెక్కింది. అంత చక్రాన్ని తిప్పాలంటే దానికి ఊపిరి ఆడటం లేదు. మోటారు మీది పళ్ళ చక్రం తీసి ఇంకా చిన్నది వేశాను. వేగం తగ్గింది. బలం వచ్చింది.

అక్టోబర్ 23

పూర్తిగా ఎడమకు తిప్పితే ముందు చక్రం బంపరుకు తగులుతోంది. బంపరు కోసేశాను.

అక్టోబర్ 27, ఆదివారం

ఎక్కింది!

ఇంటి వెనక ఇల్లు కడుతున్నవాళ్ళ ఇసుక కుప్ప ఎక్కింది, ఇటుకల మీద ఎక్కింది, నీళ్ళ గుంతలో దిగి బురద చిమ్ముకుంటూ అవతలికి పోయింది. బోర్లా పడుతుందనుకున్న ప్రతిసారీ ఆ మెత్తని రబ్బరు దేన్నో ఒకదాన్ని కరుచుకుని లేచింది. నేను పిచ్చివాడిలా చప్పట్లు కొట్టాను. పని కోసం చేసిందే. అయినా మనిషికి సంతోషం రాకుండా ఉంటుందా?

రేఖ గుమ్మంలో నిలబడి చూసింది. "మా అన్నకు సూపించాల," అంది.

అక్టోబర్ 31, దీపావళి

పండక్కి రామకుప్పంలో బావ ఇంటికే వచ్చాము. టపాకాయల చప్పుడు, డప్పు, బావ అరుపు, అన్నీ ఫోన్లో రికార్డు చేసుకున్నాను. "హోయ్! పోయ్! పోవే!" అని బావ అరుస్తుంటే ఆయన భార్య మునీశ్వరక్క లోపలినుంచి బయటికొచ్చి, "ఎవురిమీద అరస్తాండావు?" అని కంగారు పడింది. అందరం నవ్వుకున్నాం. ఈసారి నవ్వు వేరు.

ఆ అరుపు స్పీకరులో పెట్టి ట్రక్కు మీద బిగించాను. బావ గొంతు బావకంటే గట్టిగా వస్తోంది.

నవంబర్ 3, ఆదివారం

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నాను.

సాయంత్రం రెండు ఏనుగులు వచ్చాయి. అడవి అంచున చెట్లు కదిలాయి, తర్వాత బూడిదరంగు వీపులు కనిపించాయి. బావ డబ్బా అందుకున్నాడు. "నువ్వు ఈడే ఉండు బావా," అన్నాను. ఊరి వైపు గట్టు మీదినుంచి ట్రక్కును వదిలాను. రాగికర్రల నడుమ అది పోతుంటే పైన మెరిసే లైటు ఒక్కటే కనిపిస్తోంది. ఏనుగులు ఆగాయి. ముందున్నది చెవులు విప్పింది. స్పీకరు ఆన్ చేశాను. టపాకాయలు, డప్పు, "హోయ్! పోయ్!" అని బావ అరుపు. ట్రక్కు ఇంకా ముందుకు పోయింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా ఇరుక్కోలేదు.

ఏనుగులు వెనక్కి తిరిగి, వచ్చిన దారినే అడవిలోకి వెళ్ళిపోయాయి.

బావ డబ్బా కింద పడేసి నన్ను వాటేసుకున్నాడు. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆయన నన్ను ముట్టుకోవడం ఇదే మొదలు. "అప్పా, నేనేందో అనుకుంటి. నువ్వు మొనగాడివే," అన్నాడు.

సిద్ధమ్మ తన చేలో మంచె మీదినుంచి చెయ్యి ఊపింది.

నవంబర్ 6

షాపుకు ముగ్గురు రైతులు వచ్చారు, బైరెడ్డిపల్లె నుంచి. బావ చెప్పాడట. ఇలాంటిది మాకూ చేసిస్తావా అని అడిగారు. టీ తెప్పించాను. చక్రాలు ఎలా పట్టించానో ఒక్కో ముక్కా విప్పి చూపించాను.

వాళ్ళలో పెద్దాయన "గెనిమ ఎక్కతాదా ఇది?" అని అడిగాడు. మా వైపు పొలం గట్టును గెనిమ అంటారు. ఎక్కుతుందన్నాను. నిజానికి చిన్న గట్లు ఎక్కింది. బావ చేనుకు అడవి వైపు ఉన్న గట్టు మోకాలెత్తు. అది ఎక్కించి చూడలేదు.

ఆదివారం చూడాలి. ఎవరైనా అడిగితే చెప్పడానికి.

నవంబర్ 10, ఆదివారం

సిద్ధమ్మ మంచె విరిగిపోయింది. ఆమె కిందపడింది. కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయారు. ఏనుగు అటువైపు పోయింది. ట్రక్కు బాగానే పనిచేసింది.

నవంబర్ 11

షాపు తెరవలేదు.

తుంటి ఎముక విరిగిందట. ఆపరేషన్ చెయ్యాలట. రేఖ నిన్ననే ఆమెతోపాటు ఆసుపత్రికి పోయింది, అక్కడే ఉంది. సిద్ధమ్మకు ఉన్నది ఒక్క కూతురు సుప్రజ, హోసూరులో. పురిటి నెల నడుస్తోంది, కదలలేదు.

జరిగింది ఇది. పొద్దు గూకేటప్పుడు ఏనుగు వచ్చింది. ఈసారి ఒకటే, పెద్ద దంతాలది. బావ చేలోకి దిగింది. ట్రక్కు అప్పుడు గట్టు దగ్గర ఉంది. లైటు వేశాను, స్పీకరు వేశాను. ఏనుగు బెదిరి సిద్ధమ్మ చేలోకి పోయింది. మంచె గుంజకు దాని భుజం తగిలింది. అంతే. అది కావాలని చెయ్యలేదు. ఎవరూ కావాలని చెయ్యలేదు.

బావ ఫోన్ చేశాడు. "ఏనుక్కు దోవ మనం సెప్తామా? అది యాడికి పోవాలనుకుంటే ఆడికి పోతాది. నువ్వు మనసులో ఏం పెట్టుకోవాకు."

ఏమీ పెట్టుకోలేదు.

నవంబర్ 12

ట్రక్కు గట్టు దగ్గర ఉంది అని రాశాను. గట్టు మీద ఉంది.

నవంబర్ 13

బైరెడ్డిపల్లె నుంచి మళ్ళీ ఫోన్. చేసిస్తానా, ఎప్పుడు చేసిస్తాను అని. తర్వాత మాట్లాడతానన్నాను.

ఆపరేషన్ అయింది. బాగానే ఉందని రేఖ చెప్పింది. "నిన్ను అడిగింది," అంది.

"ఏమని?"

"దేవేంద్ర యాడుండాడు అని. అంతే."

నవంబర్ 14

గట్టుకు అవతల. అడవి వైపు. ట్రక్కు అక్కడ ఉంది.

మొదటిసారి ఊరి వైపునుంచి పంపాను కాబట్టి ఏనుగులు అడవిలోకి పోయాయి. రెండోసారి ట్రక్కు అడవికీ ఏనుగుకూ నడుమ ఉంది. అది మెరుస్తూ అరుస్తూ ఉంటే ఏనుగు ఎటు పోతుంది? ఊరి వైపు. అటు మళ్ళితే పక్కనే ఉన్నది సిద్ధమ్మ చేను.

చిన్నపిల్లలకు కూడా తెలిసే సంగతి. నాకు తెలియలేదా?

నవంబర్ 15

రేఖ బట్టల కోసం నిన్న రాత్రే ఇంటికి వచ్చింది. అన్నం పెట్టింది. నేను తింటుంటే నా చెయ్యి వైపే చూస్తోంది.

"ఏంది?" అన్నాను.

"రాత్రి నిద్దర్లో నీ బొటనవేళ్ళు ఆడతా ఉండె. రిమోట్ తిప్పినట్టు. నీకు తెలుసునా?"

ఆమె కంచం తీసింది. వంటింట్లోకి పోయి, అక్కడినుంచే అంది: "ఆమెను పొయ్యి సూసిరా. ఆడ మంచం మీద పడుకోనుండేది ఆమె. ఈడ నువ్వు మంచం పట్టి ఏం లాభం?"

నవంబర్ 17, ఆదివారం

కుప్పం పోయి వచ్చాను.

వార్డులో చివరి మంచం. సిద్ధమ్మ ఇంత చిన్న మనిషి అని నాకు ఇప్పటిదాకా తెలియదు. చేలో నిలబడి ఉంటే ఎప్పుడూ పెద్దగానే కనిపించేది. దానిమ్మపండ్లు బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చున్నాను. నొప్పి ఎలా ఉందని అడిగాను. సుప్రజకు కాన్పు ఎప్పుడని అడిగాను. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది.

"బాగా ఎక్కినాది," అంది సిద్ధమ్మ.

"ఏందమ్మా?"

"నీ బండి. గెనిమ బాగా ఎక్కినాది. ముందు రెండు తూర్లు జారిపాయ. మళ్ళా ఎనక్కి తెచ్చుకుని, వాటంగా తిప్పి ఎక్కిస్తివి. నేను మంచె మీద కూసోని సూస్తానే ఉంటి. అబ్బా, ఎక్కేసిందే అనుకుంటి."

నేను తల దించుకున్నాను.

"ఏనుగు అప్పటికే మీ బావ చేలో నిలబడి ఉండాది. నువ్వు దాన్ని సూళ్ళా. నీ కండ్లన్నీ బండి మీదే. మీ బావ పంపుసెట్టు కాడ ఉండాడు, ఆయనకూ తెలీదు. నేను అరిస్తి. దేవేంద్రా, ఏనుగు, ఏనుగు అని అరిస్తి. నువ్వు తల ఎత్తి సూసి, ఉలిక్కిపడి, బండి చప్పుడు ఏసేస్తివి. మా లక్ష్మీపతి గొంతు. ఆడ గెనిమకు అవతల నుంచి. ఏనుగు నా తట్టు తిరుక్కున్నాది. ఇంగ నేనెంత అరిచినా ఆ అరుపులో నా అరుపు యాడ వినపడతాది?"

నర్సు వచ్చి సెలైన్ మార్చి పోయింది.

"అమ్మా, ఎవురికన్నా సెప్పినావా?"

"ఎవురికి సెప్పేది? సెప్తే నా ఎముక అతుక్కుంటాదా?" అని కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకుని లేవబోయాను. నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళలో ఇంకా అంత బలం ఉంది.

"రాగులు గింజ పాలు పోసుకుంటాండాయి. కోతకు ఇంగా దినాలుండాయి. నేను ఈడ పడుంటే నా చేను ఎవురు సూస్తారప్పా? మంచె కట్టు. కోత అయ్యేదాకా నువ్వు కావిలి ఉండు."

"ట్రక్కు పెట్టి..."

"బండి వొద్దు. నువ్వు ఉండు."

సరేనన్నాను. సరే అనక ముందే భయం వేసింది. నేను ఇంతవరకూ ఒక్క రాత్రి కూడా చేనుకు కావలి ఉన్నవాణ్ణి కాదు.

నవంబర్ 18

నిన్న ఆసుపత్రి నుంచి నేరుగా బావ ఇంటికే పోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. మునీశ్వరక్క చేతిలో చాట అలాగే ఆగిపోయింది.

"నాకు తెలుసు," అన్నాడు బావ. "మర్నాడు పొద్దున్నే పొయ్యి సూస్తి. గెనిమ అవతల నీ చక్రాల అచ్చులు ఉండాయి. కాలితో చెరిపేస్తి."

"యాల చెరిపినావు బావా?"

"యాలంటే? నువ్వు మా చెల్లెలి మొగుడివి. ఊళ్ళో తలెత్తుకోవద్దా?"

"నేను ఇంగ బండి నడపను. మన చేలో అది తిరిగితే ఏనుగు పక్క చేలోకి పోతాది. ఆడ తిరిగితే మన చేలోకి వస్తాది."

"రానీ. పోనీ. నా చేను నేను కాపాడుకోవద్దా? ఈ రాగులు పోతే ఏడాదంతా ఏం తినాల?" బావ లేచి నిలబడ్డాడు. "నువ్వు ఆమె మంచె మీద కూర్చుంటావా, కూర్చో. నీ పాపం, నీ పుణ్యం. బండి మాత్రం ఈడ పెట్టి పో. నడపడం నేను నేర్చుకునుండా."

"నేను ఆ చేలో ఉంటే గూడా నడుపుతావా బావా?"

ఆయన దొడ్లోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను వదిలేసి పోయిన రిమోట్, ట్రక్కు వసారాలో ఉన్నాయి. తీసుకుపోవాల్సింది. నావే కదా. తీసుకోలేకపోయాను. ఆయన పెంచిన పిల్లను చేసుకున్నాను, ఆయన ఇంట్లో నుంచి ఒక వస్తువు లాక్కుపోవడానికి చెయ్యి రాలేదు.

నవంబర్ 20

ఆసుపత్రిలో సిద్ధమ్మ దగ్గరికి ఆమె చిన్నమ్మ వచ్చింది, రేఖ ఇంటికి వచ్చేసింది. రేఖకు చెప్పాను. అంతా.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "షాపు నేను సూసుకుంటా. కవర్లు, చార్జర్లు అమ్మేది నాకు రాదా?" అంది. కంచాలు సర్దుతూ, "నువ్వు ఆడుంటే మా అన్న నడపడులే," అంది. నాకు చెప్పినట్టు లేదు. తనకు తాను చెప్పుకున్నట్టుంది.

నవంబర్ 23

మంచె కట్టాను. నాలుగు సరుగుడు గుంజలు, పైన వెదురు తడిక, దాని మీద టార్పాలిన్. ముడులు సరిగా పడక ఒకసారి మొత్తం కూలింది. ఊళ్ళోవాళ్ళు చూసి పోతున్నారు. ఒకతను ఆగి, తాడు ఎలా బిగించాలో చూపించి, ఏమీ అడక్కుండా పోయాడు.

బావ తన చేలో ఉన్నాడు. ఇటు చూడలేదు.

నవంబర్ 26

చలి. దోమలు. ఏమీ రాలేదు.

నవంబర్ 28

రాలేదు. గుడుపల్లె వైపు ఉన్నాయని ఫారెస్టోళ్ళు చెప్పిపోయారు. వస్తే ఫోన్ చెయ్యమన్నారు, చేలోకి దిగొద్దన్నారు.

బావ ట్రక్కును సాయంత్రాలు తిప్పుతున్నాడు. ఊరి వైపు గట్టు మీద ముందుకు, వెనక్కి. బాగానే నేర్చుకున్నాడు. ఆ చక్రాలు మట్టి మీద పోతుంటే ఇక్కడి దాకా చప్పుడు వినిపిస్తుంది. నేను చేసిన బండి.

ఏనుగొస్తే ఆయన నడపడు. రేఖ చెప్పింది కదా.

డిసెంబర్ 1, ఆదివారం

తుపాను వాన. రాగికంకులు తడిసి తలలు వాల్చాయి. ఇప్పుడు కొయ్యడానికి లేదు, ఆరాలి. టార్పాలిన్ కారుతోంది. మునీశ్వరక్క గొడుగు వేసుకుని వచ్చి సంగటి, చింతాకు పులుసు ఇచ్చి పోయింది. "ఆయప్ప పంపలేదు, నేనే తెచ్చినా," అంది. అడగకుండానే.

డిసెంబర్ 2

నడిపితే? నేను మంచె మీద ఉండగా ఆయన నడిపితే?

ఆయన తప్పు కాదు. ఏడాది తిండి అది. నేను గట్టెక్కించింది సరదాకు. ఆయన నడిపేది ఆకలికి.

డిసెంబర్ 5

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈసారి ఒక్క ముక్క కూడా మార్చను.

తెల్లారుతోంది. మంచు పట్టింది. నాకు మెలకువ వచ్చింది చప్పుడుకు కాదు, వాసనకు. తడిసిన ఆకు, పేడ కలిసిన వాసన. కళ్ళు తెరిచేసరికి అది రెండు చేలకూ నడుమ ఉన్న గట్టు మీద నిలబడి ఉంది. అదే ఏనుగు. ఆ దంతాలు నేను మరిచిపోలేను. మంచెకు ఎంత దగ్గరగా ఉందంటే దాని చెవి అంచున చిరుగులు కనిపించాయి.

ఫారెస్టోళ్ళకు ఫోన్ చెయ్యాలని సెల్లు తీశాను. తెర వెలుగుకు ఏనుగు ఇటు తిరుగుతుందేమోనని మళ్ళీ జేబులో పెట్టేశాను.

అప్పుడు బావ కనిపించాడు. తన చేను చివర, ఊరి వైపు గట్టు మీద. భుజాన దుప్పటి. చేతుల్లో రిమోట్. ఆయన కాళ్ళ దగ్గర ట్రక్కు లైటు వెలిగింది, మెరవడం మొదలుపెట్టింది. ఏనుగు అటు తిరిగింది, చెవులు విప్పింది.

ట్రక్కు కదిలింది. ఆయన చేలో నుంచి నేరుగా ఏనుగు వైపు వస్తోంది. అది ఇంకొంచెం దగ్గరకు వస్తే, స్పీకరు అరిస్తే, ఏనుగు బెదిరి పోయేది ఒకవైపే. నా వైపు. మంచె గుంజలు నేను కట్టినవి. వాటి బలం ఎంతో నాకు తెలుసు.

బావా అని పిలవలేదు. పిలిచి ఏమని అడగాలి? నీ చేను పోగొట్టుకో, నన్ను బతికించు అనా?

ట్రక్కు సగం దారిలో ఆగింది. ఇరుక్కుందేమో అనుకున్నాను. ఇరుక్కోలేదు. ఆ చక్రాలు ఇరుక్కోవు, నాకు తెలుసు. లైటు ఇంకో రెండుసార్లు మెరిసి ఆరిపోయింది. బావ వంగి రిమోట్‌ను గట్టు మీద పెట్టాడు. పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

ఏనుగు కాసేపు అలాగే నిలబడి, తొండం చాచి బావ చేలో ఒక మూల తింది. కంకులు తుంచి, మట్టి దులిపి, నిదానంగా తింది. తర్వాత గట్టు ఇవతలికి ఒక కాలు పెట్టి సిద్ధమ్మ చేలో కూడా ఒక మూల తింది. నేను చూస్తూ ఉన్నాను. బావ చూస్తూ ఉన్నాడు. ఒక్కసారి అది తల ఎత్తి మంచె వైపు చూసింది. మళ్ళీ తినడంలో పడింది. మంచు విడిచి ఎండపొడ పడ్డాక, ఎవరూ తరమకుండానే, అడవి వైపు గట్టు దాటి వెళ్ళిపోయింది. చెట్లు కదలడం ఆగిపోయేదాకా నేను అటే చూస్తూ ఉన్నాను.

బావ లేచి చేనుకు అడ్డంగా నడిచి వచ్చాడు. తిన్న మూల దగ్గర ఆగి, విరిగిన ఒక కర్రను చేతిలోకి తీసుకుని చూసి పారేశాడు. మంచె కిందికి వచ్చి పైకి చూశాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కువేం తినలేదులే," అన్నాడు.

"ఊఁ," అన్నాను.

"దిగు. కాపీ తాగుదువుగాని, రా."

దిగుతుంటే ఆఖరి మెట్టు తప్పాను. బావ పట్టుకున్నాడు.

సిద్ధమ్మకు ఫోన్ చేశాను. నిన్ననే ఆమెను ఆసుపత్రి నుంచి తన చిన్నమ్మ ఇంటికి పంపారు. రేఖ దగ్గరుండి దింపి వచ్చింది. ఏనుగు వచ్చిందని చెప్పగానే ఆమె గొంతు మారిపోయింది.

"ఎంత తినింది?"

"నీ చేలో ఒక మూల. బావ చేలో ఒక మూల."

"నువ్వు దిగితివా?"

"లేదమ్మా. అది పోయేదాకా పైనే ఉండా."

ఫోన్లో ఆమె మంచం కిర్రుమంది.

"పోయిన చలికాలం మా ఆయప్ప దిగినాడు," అంది సిద్ధమ్మ. "దిగననే అన్నాడు. నేనే దిగమంటి. మూల తినేస్తాండాది, పొయ్యి తోలు అంటి."

బావ పక్కనే నిలబడి నా ముఖం చూస్తున్నాడు. ఇంతలో ఆమే ముక్కు చీదుకుని, మామూలు గొంతుతో అడిగింది:

"ఎండ కాస్తాండాదా ఆడ?"

"కాస్తాండాది."

"కంకులు ఆరినాక కోతకు మనుషులను పిలువు. మీ బావ చేనూ, నా చేనూ కలిపి కోయించండి."